లేని దీవి, ఉన్న రైళ్ళు



ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంఘము వారు కోరినప్పుడు మేము కొంత వెనుకాడితిమి. మేము మెట్రిక్‌తో చదువు ముగించి రైల్వేలో గుమాస్తా పనిలో చేరినవారము, పండితులము కాము. అయినను మాకు కొద్దిగా తెలిసినది ఒకటి గలదు, అది రైలు. కావున రైలును గూర్చియే వ్రాయుచున్నాము. అయితే ఈ రైలు ఏ ప్రభుత్వపు పటమునందును కానరాని ఒక దీవిలో నడచునది. లేని దీవికి చరిత్ర యేమి అని చదువరులు అడుగవచ్చును. ఆ చరిత్రయే ఈ వ్యాసము.

మా యింట తొమ్మిదేండ్ల పిల్లవాడు గలడు. కడచిన వేసవి సెలవులలో వాడొక రాజ్యమును కల్పించెను. నోటుపుస్తకములో రెండు పుటల నిండ పటము గీచెను. అందులో ఏడు కొండలు, ఒక అగ్నిపర్వతము, రెండు తలల పాము కాపలాయున్న కోట, వీటన్నిటి నడుమ ఒక రైలుమార్గము. ఆ బండికి బొగ్గు అక్కరలేదట, నీరు అక్కరలేదట, కరెంటును అక్కరలేదట. ఎక్కడను ఆగదట. "మరి ఎదురుగా ఇంకొక బండి వచ్చినచో?" అని అడిగితిమి. వాడు పెన్సిలు కొరుకుచు కొంతసేపు ఆలోచించి, "రాదు నాన్నా" అనెను. రెండు దినములు గడచునప్పటికి ఆ పుస్తకము మంచము క్రింద పడియున్నది.

వానికి అంత త్వరగా విసుగేల పుట్టినదని మేము ఆలోచించితిమి. ఏదైనను జరుగగల చోట ఏమి జరిగినను ఆశ్చర్యముండదు. ఆకలి లేని ఇంజనుకు కథ యుండదు. మన పెద్దలకు ఈ సంగతి తెలియును. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలలో ఎన్ని మాయలు, ఎన్ని మంత్రములు, ఎందరు గంధర్వులు! కాని వాటిని చెప్పించినది మాత్రము కాశీకి పోవు కాలిబాట. సాయంకాలమునకు మజిలీ చేరవలెను, వంట కావలెను, అలసట తీరవలెను. అప్పుడు గాని కథ మొదలు కాదు. అద్భుతము ఎంత ఎత్తు ఎగిరినను దాని కాలు నిజమైన బాటపైననే యున్నది.

ఈ కిటుకును రైలు పట్టాలపై సాధించిన వారొకరు ఇంగ్లాండులో నుండిరి. వారి పేరు విల్బర్ట్ ఆడ్రీ. పాదిరి గారు. మన పిల్లలు టెలివిజనులో చూచు నీలిరంగు ఇంజను థామస్‌ను సృష్టించినది వీరే. టెలివిజనులోని బొమ్మలు 1984లో వచ్చినవి. వాటికి మూలమైన చిన్న పుస్తకములు అంతకు నలువది యేండ్ల ముందటివి. మేము చెప్పబోవునది ఆ పుస్తకములను గూర్చియే.

ఆడ్రీ గారు 1911లో జన్మించిరి. తండ్రి గారును పాదిరియే, ఆయనకును రైళ్ళపై మక్కువ. విల్బర్ట్ చిన్నతనములో వారి కుటుంబము బాక్స్ అను ఊరిలో కాపురముండెను. ఇంజనీరు బ్రూనెల్ కట్టించగా 1841లో తెరచిన ప్రసిద్ధమైన బాక్స్ సొరంగము అక్కడికి దగ్గరనే గలదు. సొరంగము వైపు దారి ఎగువ; నూరడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కవలెను. రాత్రివేళ బరువైన గూడ్సుబండి వచ్చి, సాయమునకు వెనుక ఇంకొక ఇంజనును తగిలించుకొని, ఈలలు వేసికొనుచు, ఆయాసపడుచు ఎగువ నెక్కును. పడకలో పండుకొన్న పిల్లవానికి ఆ రెండు ఇంజనులు ఒకదానితో నొకటి మాటలాడుకొనుచున్నట్లు వినిపించెను. రైల్వే కాలనీలలో పెరిగిన మనకు ఈ మాట వింత కాదు. గోడకు ఆవల ఇంజను రొద వినుచు నిద్రపోయినవారము మనలో ఎందరు లేరు!

ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై, తానును పాదిరియై, బర్మింగ్‌హాములో పనిచేయుచుండెను. 1942లో రెండేండ్ల కుమారుడు క్రిస్టఫరుకు తట్టు పోసినది. చీకటి గదిలో మంచము దిగకుండ పడియున్న బిడ్డను ఊరడించుటకై తండ్రి ఇంజనుల కథలు చెప్పసాగిరి. పిల్లలెట్టివారో మీకు తెలియును. నిన్న చెప్పిన కథ నేడు ఒక్క మాట మారినను ఊరుకొనరు. కథ మారకుండుటకై ఆడ్రీ గారు దానిని కాగితముపై వ్రాసికొనిరి. అచ్చు వేయింపుమని భార్య ప్రోత్సహింపగా 1945లో మొదటి పుస్తకము వెలువడెను. ఆ వెనుక 1972 వరకు మొత్తము 26 పుస్తకములు వ్రాసిరి.

ఇక చిక్కు వచ్చినది. పుస్తకములు చదివిన పిల్లలు ఉత్తరములు వ్రాయసాగిరి. ఒక బొమ్మలోని మార్గము ఇంకొక బొమ్మలోని మార్గముతో సరిపోలుట లేదేమి? ఈ ఊరి నుండి ఆ ఊరికి దారి ఎటు? మరియొకరైనచో కథకు ఇవన్నియు ఏల అని నవ్వి ఊరకుందురు. ఆడ్రీ గారట్లు చేయలేదు. పిల్లలు అడిగినది న్యాయమే యని యొప్పుకొని, తన రైళ్ళకు ఒక దేశమును వెదకసాగిరి.

ఆ దేశము 1950లో దొరకినది. ఆ సంవత్సరము వారు పనిమీద మాన్ అను దీవికి వెళ్ళిరి. ఇంగ్లాండునకు, ఐర్లండునకు నడుమ సముద్రములో నున్న దీవి యది. అక్కడి బిషప్పు గారి బిరుదు "సోడర్ మరియు మాన్" బిషప్పు. మాన్ కనులకెదుటనే యున్నది. మరి సోడర్ ఎక్కడ? ఎక్కడను లేదు! వెనుకటి కాలమున నార్వే నావికులు స్కాట్లండు పడమటి దీవులను "దక్షిణ దీవులు" అను అర్థమిచ్చు తమ మాటతో పిలిచెడివారు. ఆ మాటయే అరిగి అరిగి సోడర్ అయినది. 1266లో ఆ దీవులు స్కాట్లండు రాజునకు దక్కినవి. తరువాత మతాధికారములును వేరుపడినవి. నేల చేయి జారినది. పేరు మాత్రము బిషప్పు గారి బిరుదులో చిక్కుకొని శతాబ్దముల తరబడి నిలిచినది.

ఇది చదివినప్పుడు మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. మన యింటిపేర్లను చూడుడు. మనలో ఎందరి యింటిపేరు ఒక ఊరి పేరు గాదు? ఆ ఊరిని కన్నులార చూచినవారు మన సంఘములో ఎందరు? తాతలనాడో, ముత్తాతలనాడో బయలుదేరి ఈ ఒడిషాకు వచ్చితిమి. ఊరు అక్కడ నుండిపోయినది. పేరు మనతో రేషను కార్డులలోనికి, పిల్లల బడి పట్టీలలోనికి నడచి వచ్చినది. నేల లేని పేరు ఎంత బరువుండునో వలస వచ్చినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆడ్రీ గారు ఆ పేరునకు నేలను కల్పించిరి. మాన్ దీవికిని, ఇంగ్లాండు ఒడ్డున నున్న బారో పట్టణమునకును నడుమ సముద్రముపై ఒక దీవిని గీచిరి. బారో నిజమైన ఊరు. అక్కడి నుండి వంతెన దాటినచో సోడర్. ఆయన తమ్ముడు జార్జి గారు లండనులో గ్రంథపాలకుడు. చరిత్ర శోధనలో ఆసక్తి గలవాడు. అన్నదమ్ములిరువురు కూడి ఆ దీవికి కొండలు, నదులు, గనులు, పాత రాజులు, సాధువులు, మాన్ దీవి భాషకు చుట్టమైన ఒక భాష, అన్నియు సమకూర్చిరి. ఏ ఊరికి రైలు ఎందుకు వచ్చినది, ఆ రైలుకు సరుకెక్కడిది, కూలీలకు జీవనమెట్లు, ఇవన్నియు వ్రాసికొనిరి. కథలలో వీటిలో పదవవంతైనను కానరాదు. తుదకు 1987లో ఈ దీవి ప్రజలు, చరిత్ర, రైళ్ళను గూర్చి అన్నదమ్ములు వేరుగా ఒక గ్రంథమునే ప్రకటించిరి.

దీవి కల్పితము. కాని ఆ దీవిలో జరిగినవి చాలవరకు కల్పితములు గావు. ఎక్కడనో ఒక రైలుమార్గమున నిజముగా జరిగిన దానినే ఆడ్రీ గారు తన ఇంజనులకు జరిపించెడివారు. రైలు పనివారమైన మాకు మిక్కిలి రుచించినది ఇదియే. మూడు ఉదాహరణములు చెప్పెదము.

మొదటిది మంచు కథ. 1876 జనవరి 21న ఇంగ్లాండులోని ఆబట్స్ రిప్టన్ అనుచోట పెద్ద మంచుతుఫాను. ఆ రోజులలో సిగ్నళ్ళను సాధారణముగా "పోవచ్చు" అను స్థితిలోనే యుంచి, అవసరమైనప్పుడు మాత్రము "ఆగుము" అని త్రిప్పెడివారు. సిగ్నలు చేయి వాలినప్పుడు స్తంభములోని సందులో దూరియుండెడిది. మంచు ఆ సందులో గడ్డకట్టినది. క్యాబినులోని మనిషి లీవరు లాగి ఆగుమని చెప్పినాననుకొనెను, చేయి కదలలేదు. ఎడింబరో నుండి లండను పోవు ఎక్స్‌ప్రెస్సు వచ్చి, లైను మార్చుచున్న బొగ్గుబండిని గ్రుద్దినది. కొద్ది నిమిషములలో లండను వైపు నుండి వచ్చిన మరొక ఎక్స్‌ప్రెస్సు ఆ శిథిలములపై పడినది. 13 మంది చనిపోయిరి. ఆ దుర్ఘటన పిమ్మట పద్ధతి తలక్రిందులైనది. సిగ్నలు ఎప్పుడును "ఆగుము" అనియే యుండవలెను, దారి నిర్భయమని తేలిన తరువాతనే వాలవలెను. నేడు మనము రైలులో నిశ్చింతగా నిద్రపోవుచున్నామన్నచో దానికి కారణములలో ఆ మంచురాత్రి నేర్పిన పాఠమును ఒకటి.

1951లో వచ్చిన పుస్తకమున ఆడ్రీ గారు ఇదే చిక్కును హెన్రీ యను పచ్చ ఇంజనునకు కల్పించిరి. వేకువజామున చేపల బండి పోవుచున్నది, సిగ్నలు చేయి మంచు బరువునకు వాలిపోయినది, పాయింట్లు గడ్డకట్టినవి, ప్రక్క లైనులో గూడ్సుబండి నిలిచియున్నది. ఢీ జరుగును. పిల్లల కథ గనుక ప్రాణములు పోవు. దెబ్బతిన్న హెన్రీని మరమ్మతుకై ఎక్కడికి పంపిరో తెలియునా? ఇంగ్లాండులో నిజముగా నున్న క్రూ కర్మాగారమునకు! లేని దీవి ఇంజను ఉన్న ఊరికి పోయి బాగుపడి వచ్చినది.

రెండవది కొండ కథ. వేల్సులోని స్నోడన్ పర్వతముపైకి పోవు రైలు, మన నీలగిరి రైలు మెట్టుపాలయం నుండి కూనూరు ఎక్కినట్లు, పట్టాల నడుమనున్న పళ్ళను పట్టుకొని ఎక్కును. 1896 ఏప్రిల్ 6న ప్రారంభమైన దినముననే "లాడాస్" అను మొదటి నంబరు ఇంజను దిగుచు పళ్ళ పట్టును వదలి లోయలో పడిపోయినది. పెట్టెలను ఇంజనుకు తగిలింపకుండుట అక్కడి పద్ధతి. అందుచేత అవి తమ బ్రేకులతో తాము నిలిచినవి. భయముతో దూకిన ఒక ప్రయాణికుడు మాత్రము ప్రాణము కోల్పోయెను. మరుసటి సంవత్సరము, ఇంజను పైకి లేవకుండ పట్టియుంచు ఏర్పాటును అమర్చిన తరువాత గాని బండ్లు నడువలేదు. 1964 నాటి పుస్తకములో సోడర్ కొండరైలుకును ఇదే గతి పట్టినది. అక్కడను పడిపోయినది మొదటి నంబరు ఇంజనే.

మూడవది చిన్న లైను కథ. వేల్సులోనే టాలిలిన్ అను సన్నని లైను గలదు. పలకరాతి గనికై 1865 ప్రాంతమున వేసినది. గని మూతపడినది, యజమాని 1950లో మరణించెను, లైను తుక్కుక్రింద పోవలసియుండెను. అప్పుడు జీతము కోరని కొందరు అభిమానులు సంఘముగా నేర్పడి 1951 మే నెల నుండి బండ్లను తామే నడపసాగిరి. ఈ విధముగా స్వచ్ఛంద సేవకుల చేత కాపాడబడిన రైలుమార్గములలో ప్రపంచమున కెల్ల ఇదియే మొదటిది. ఆడ్రీ గారును చేరి 1952లో అక్కడ గార్డుగా పనిచేసిరి. ఒకనాడు ఫలహారములు అమ్మెడి యమ్మగారు ఎక్కకముందే పచ్చజెండా ఊపి బండిని కదిలించిరట! తన పొరపాటును దాచుకొనక దానినే కథగా చేసి 1955లో అచ్చువేయించిరి. అంతేగాక, పిల్లలారా, వెళ్ళి ఆ నిజమైన లైనును చూడుడని ఆ పుస్తకములోనే వ్రాసిరి.

ఇక అసలు సంగతి. ఈ పుస్తకములు వచ్చుచున్న యేండ్లలోనే ఇంగ్లాండులో పొగ ఇంజనుల కాలము చెల్లుచుండెను. 1955లో డీజిలు, కరెంటు ఇంజనుల ప్రణాళిక వచ్చినది. 1963లో బీచింగ్ గారి నివేదిక వేలకొలది మైళ్ళ చిన్న లైనులను మూసివేయవలెనని చెప్పినది. 1968 ఆగస్టులో ప్రధాన మార్గములపై ఆవిరి బండ్లు నిలిచిపోయినవి. అదే సంవత్సరమున వెలువడిన సోడర్ పుస్తకములో ఆలివర్ అను ఇంజను తుక్కుచోటు నుండి తప్పించుకొని రాత్రివేళ దీవికి చేరును. కథ పిల్లలది. కాని కొలిమికి పోవు ఇంజనులను ఒక్కొక్కదానినే చేయి పట్టుకొని వంతెన దాటించుచున్న మనిషి అందులో మాకు కనిపించెను. నిజమైన లోకము విరుగగొట్టిన దానిని దాచుకొనుటకు ఆయన ఒక దీవిని కట్టిరి. దాచదలచినందుననే కొలతలు తప్పనీయలేదు. సిగ్నలు చేయి ఎటు వాలునో తెలియనివాడు సిగ్నలును దాచలేడు.

ఇది వ్రాయుచుండగా మా మనసు ఒక చిన్న లైనుపైకి పోవుచున్నది. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి గారు వేయించగా, 2 అడుగుల 6 అంగుళముల గేజిపై నౌపడా నుండి పర్లాకిమిడికి 1900లో బండ్లు నడచినవి. 1931 నాటికి ఆ మార్గము గుణుపురము చేరినది. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు సరిహద్దు ఆ పట్టాలకు అడ్డముగా పడినది. పాతపట్నము ఆవల, పర్లాకిమిడి ఈవల. బండికి మాత్రము భేదము తెలియదు. మన తెలుగువారు, ఒడియావారు ఒకే బల్లపై కూర్చుండి, బుట్టలు ఒడిలో పెట్టుకొని పోయెడివారు. మా తాతగారు ఆ లైను మీదుగనే టెక్కలి వైపు నుండి ఇటు వచ్చిరి. 2004లో ఆ సన్నలైనును మూసివేసిరి. 2011 నాటికి దాని స్థానమున బ్రాడ్‌గేజి వచ్చినది. మంచిదే. పెద్దబండి వేగముగా పోవును, ఎక్కువమందిని మోయును. రైల్వే ఉద్యోగులమై మేము దానిని కాదనము.

కాని ఒక తప్పు మాది గలదు, చెప్పుకొనవలెను. మునుపు మేము పనిచేసిన ఒక కార్యాలయములో పాత కాగితములను తుక్కునకు పంపు జాబితా తయారుచేయు పని మాకు అప్పగించిరి. గడువు దాటిన కట్టలకు టిక్కు పెట్టవలెను. వాటిలో మూసివేసిన ఒక నారోగేజి లైను రిజిస్టర్లు కొన్ని యుండెను. ఒకటి విప్పి చూచితిమి. బండి వచ్చిన వేళ, పోయిన వేళ. వాన చేత ఆలస్యము. పట్టాలపై ఎద్దు, 8 నిమిషములు. ఇంజనుకు నీరు చాలక ఆగినది. ఎవరిదో చక్కని చేవ్రాలు. సాయంకాలము అయిదైనది. మేము కట్టను తిరిగి కట్టి టిక్కు పెట్టితిమి. నియమము ప్రకారము అది తప్పు కాదు. ఆడ్రీ గారి పుస్తకములు చదివిన తరువాత గాని అది మాకు గుచ్చుకొనలేదు. పట్టాలపై ఎద్దు, 8 నిమిషములు! అందులో ఒక కథ యున్నది. కథ చెప్పగలవారు చదువకముందే దానిని మేము తూకమునకు వేసితిమి.

కావున పెద్దలకు మా మనవి యిది. పిల్లలకు అద్భుతకథలు చెప్పుడు. కాని వాటిలో మీకు తెలిసిన నిజమును కలుపుడు. మీ తాత దిగిన స్టేషను పేరు, అక్కడి నూతినీటి రుచి, టిక్కెట్టు వెల, వరదనాడు బండి ఎచట ఆగినదో, ఎవరు అన్నము పెట్టిరో చెప్పుడు. చందమామపై కోట కట్టువానికిని ఇటుక కావలెను. ఆ ఇటుకలు మన యిండ్లలోని ముసలివారి నోట ఇంకను కొన్ని మిగిలియున్నవి.

ఆ దీవి సంగతి మా వానికి చెప్పి, వాని పాత పుస్తకమును మంచము క్రింది నుండి పైకి తీసితిమి. ఒంటిలైనుపై రెండు బండ్లు ఎదురుపడకుండ మేమేమి చేయుదుమో చెప్పితిమి. రెండు స్టేషనులలో రెండు పెట్టెలుండును, అవి తీగతో కలిసియుండును. డ్రైవరు టోకెను లేనిదే బండి కదల్చరాదు. ఒక పెట్టె నుండి టోకెను బయటికి వచ్చినచో, అది తిరిగి ఏదో ఒక పెట్టెలో పడువరకు రెండింటిలో ఏదియు మరియొక టోకెను నీయదు. వాడు చెవులు నిక్కించి వినెను. మరునాటి ఉదయము చూచునప్పటికి పటము మారియున్నది. కోట దగ్గర పడియుండిన రెండు తలల పాము ఇప్పుడు పట్టాల వెంబడి పొడవుగా చాగియున్నది. ఒక స్టేషనులో ఒక తల, రెండవ స్టేషనులో రెండవ తల. టోకెనులు దాని కడుపులోనే యున్నవట. ఒక నోట ఒక టోకెను వెలువడినచో, అది మరల లోపలికి చేరువరకు ఏ నోరును తెరచుకొనదట.

"మరి పాము నిద్రపోయినచో?" అని అడిగితిమి.

"అప్పుడు బండి ఆగవలసినదే నాన్నా" అనెను.